చిత్త నక్షత్రం, కదిలే విషువత్తు

మార్చి 20న గానీ 21న గానీ అడిక్‌మెట్‌లో ఏ మేడమీదైనా, ఉస్మానియా ప్రాంగణంలో చెట్టు నీడ పడని ఏ మైదానంలోనైనా 12 అంగుళాల పుల్ల ఒకటి నిట్టనిలువుగా పాతి చూడండి. మిట్టమధ్యాహ్నం వేళ దాని నీడ దాదాపు మూడు ముప్పావు అంగుళాలు ఉంటుంది. మిట్టమధ్యాహ్నమంటే గడియారం పన్నెండు చూపించే వేళ కాదు. హైదరాబాదులో ఆ రోజు సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చేసరికి 12 గంటల 23 నిమిషాలవుతుంది. ఆ నీడను పంచాంగకర్తలు పలభ అంటారు. పలభ తెలిస్తే చాలు, ఊరు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో లెక్క కట్టేయవచ్చు. ఆ రోజుకున్న మరో విశేషం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీడ కొన ఎక్కడెక్కడ పడిందో గుర్తులు పెడుతూ పోతే అవన్నీ ఒకే తిన్నని గీత మీదికి వస్తాయి. ఆ గీత పడమటి నుంచి తూర్పుకు ఉంటుంది. మిగతా రోజుల్లో అది వంగిపోతుంది.

అదే వసంత విషువత్తు. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమట అస్తమించే రోజు. ఉత్తరార్ధగోళంలో అక్కడి నుంచి పగలు రాత్రి కన్నా పెద్దదవుతూ పోతుంది. ఇరాన్‌లో ఆ క్షణానికే నౌరోజ్ పండగ మొదలవుతుంది. సికింద్రాబాదు పార్సీలు మార్చి 21న జంషెడీ నౌరోజ్ జరుపుకుంటారు.

మరి మన పంచాంగం తెరిచి చూస్తే సూర్యుడు మేషంలో అడుగుపెట్టేది ఏప్రిల్ 14 ప్రాంతంలో. పాత సిద్ధాంత గ్రంథాలు చదివినవారికి మేషాది అంటే వసంత విషువత్తే. ఒకే ఘట్టానికి రెండు తేదీలు, మధ్యలో పాతిక రోజుల ఎడం. ఈ పాతిక రోజులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడానికి మనుషులకు రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ వెతుకులాటలో హైదరాబాదుకూ ఒక వంతు ఉంది. అందుకే ఈ కథ ఇక్కడ చెప్పాలనిపించింది.

మొదట ఋతువులు లెక్కల్లో లేవు, చెట్ల మీద ఉండేవి. మామిడి పూత, వేప పూత, మోదుగ ఎరుపు, ఇవే పంచాంగం. అయితే పూత ఒక ఏడు ముందు వస్తుంది, ఒక ఏడు వెనక వస్తుంది. యజ్ఞాలకూ విత్తనాలకూ అంతకన్నా నికరమైన గుర్తు కావలసి వచ్చింది. అప్పుడు పైకి చూశారు. శతపథ బ్రాహ్మణంలో కృత్తికల గురించి ఒక మాట ఉంది. మిగతా నక్షత్రాలు తూర్పు దిక్కు నుంచి తొలగుతాయి, కృత్తికలు మాత్రం తొలగవని. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే అది క్రీస్తుకు పూర్వం మూడో సహస్రాబ్ది నాటి ఆకాశం. ఇవాళ కృత్తికలు హైదరాబాదులో తూర్పుకు బాగా ఉత్తరాన పొడుస్తాయి. నక్షత్రాల పాత జాబితాలు కృత్తికతో మొదలయ్యేవి. మనం ఇప్పుడు అశ్వినితో మొదలుపెడతాం. జాబితా మొదలు ఎందుకు మారిందో ఆనాడు ఎవరూ అడిగినట్టు లేదు. తండ్రి చూసిన ఆకాశమే కొడుకూ చూశాడు. డెబ్బై ఏళ్ల బతుకులో తెలిసేటంత మార్పు కాదది.

పైగా విషువత్తును కొలవడమే పెద్ద చిక్కు. ఏడాది పొడుగునా సూర్యుడు నడిచే దారిని క్రాంతివృత్తం అంటారు; దాని మీద సూర్యుడు భూమధ్యరేఖకు ఎదురుగా వచ్చే ఆ చోట ఏ నక్షత్రమూ లేదు. అది ఉత్త ఖాళీ. సూర్యుడు అక్కడికి వచ్చిన రోజు నీడను చూసి తెలుసుకోవచ్చు. కానీ ఆ వేళ సూర్యుడి వెనక ఏ చుక్కలున్నాయో ఎలా తెలుస్తుంది? పగటి వెలుగులో చుక్కలు కనపడవు. చుక్కలు కనపడేసరికి సూర్యుడు ఉండడు.

ఈ చిక్కుముడిని విప్పిన ఉపాయం గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్‌ది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో రోడ్స్ దీవిలో ఉండి ఆకాశాన్ని చూసినవాడు. చంద్రగ్రహణం వేళ చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు కదా. సూర్యుడు విషువత్తు దాటి ఎన్ని రోజులైందో తెలుసు, కాబట్టి సూర్యుడి చోటు తెలుసు. దానికి 180 డిగ్రీల ఎదుట చంద్రుడి చోటు. చంద్రుడి నుంచి దగ్గరలోని చుక్కకు ఎంత దూరమో రాత్రి నింపాదిగా కొలుచుకోవచ్చు. అతడు ఎంచుకున్న చుక్క మన చిత్త. చంద్రుడు చిత్త దగ్గర పూర్ణుడయ్యే నెలకే మనవాళ్లు చైత్రమని పేరు పెట్టుకున్నారు. అంటే రోడ్స్‌లో అతడు ఎదురుచూసినవి మన చైత్ర పౌర్ణమి ప్రాంతపు గ్రహణాలు! అలాంటివి క్రీ.పూ. 146లో ఒకటి, 135లో ఒకటి అతడికి దొరికాయి.

వసంత విషువత్తుకు సరిగ్గా ఎదుట ఉండే శరద్విషువత్తుకు చిత్త 6 డిగ్రీల దూరంలో ఉందని తేలింది. మరొకరైతే ఆ అంకె రాసుకుని తృప్తి పడేవారు. హిప్పార్కస్ పాత కాగితాలు వెతికే మనిషి. అతడికి నూట యాభై ఏళ్ల ముందు అలెగ్జాండ్రియాలో తిమోకారిస్ అనే ఆయన ఇదే చిత్తను కొలిచి పెట్టాడు. ఆయన లెక్కలో అది 8 డిగ్రీలు. రెండు డిగ్రీల తేడా! తిమోకారిస్ కొలత తప్పు అనుకుని పక్కన పెట్టేయడం ఎంతో సులువు. హిప్పార్కస్ ఆ పని చేయలేదు. పాతాయన మీద నమ్మకం ఉంచాడు, తన మీదా నమ్మకం ఉంచుకున్నాడు. ఇద్దరూ ఒప్పయితే మధ్యలో కదిలింది ఆకాశమే. అన్ని నక్షత్రాలూ కలసికట్టుగా విషువత్తును దాటి మెల్లగా జరుగుతున్నాయని, లేదా విషువత్తే వెనక్కి నడుస్తోందని అతడికి తట్టింది. నూరేళ్లకు ఒక డిగ్రీకి తగ్గకుండా ఈ చలనం ఉంటుందని తేల్చాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. దుర్భిణి లేదు, సరైన గడియారం లేదు. ఉన్నదల్లా ముందుతరం వాడు రాసిపెట్టిన ఒక్క అంకె, దాన్ని కొట్టిపారేయని మర్యాద.

తర్వాత మూడు వందల ఏళ్లకు టోలెమీ ఆ 'తగ్గకుండా' అన్న మాటను వదిలేసి, నూరేళ్లకు సరిగ్గా ఒక డిగ్రీ అని స్థిరపరిచాడు. అసలు వేగం డెబ్బై రెండేళ్లకు ఒక డిగ్రీ. పెద్దాయన మాట గనక ఆ తప్పు శతాబ్దాల పాటు చెల్లుబాటయింది.

మన దేశంలో ఈ కదలికను గుర్తించిన తీరు వేరు. వేదాంగ జ్యోతిషం ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లోనూ, దక్షిణాయనం ఆశ్లేష నడుమనూ మొదలవుతాయని చెప్పింది. ఆరో శతాబ్దంలో అవంతిలో కూర్చుని వరాహమిహిరుడు ఆకాశం చూస్తే దక్షిణాయనం కర్కాటకం మొదట్లోనే వచ్చేస్తోంది. శాస్త్రం ఒకటి చెబుతోంది, కన్ను ఒకటి చెబుతోంది. ఆయన రెండిటినీ దాచకుండా బృహత్సంహితలో రాశాడు. పూర్వం అలా ఉండేదని శాస్త్రాలు చెబుతున్నాయి, ఇప్పుడిలా ఉంది, సందేహం ఉన్నవారు స్వయంగా పరీక్షించుకోవచ్చు అని. ఎలా పరీక్షించాలో కూడా చెప్పాడు. దూరాన ఒక గుర్తు పెట్టుకుని ఉదయాస్తమయాలు గమనించడం ఒక పద్ధతి. పెద్ద వృత్తం గీసి అందులోకి శంకువు, అంటే నిలువుగా పాతిన పుల్ల, నీడ వచ్చే చోటు, వెళ్లే చోటు గుర్తించడం మరో పద్ధతి. ఆశ్లేష నడిమి నుంచి కర్కాటకం మొదటికి 23 డిగ్రీలకు పైబడిన జరుగుడు. దాని వెనక పదహారు పదిహేడు వందల ఏళ్ల కాలం దాగి ఉందని ఆయన లెక్క కట్టలేదు. కానీ లెక్కకు కావలసిన రెండు కొసలూ ఒకే చోట ముడివేసి మనకు అందించాడు.

ఆ లెక్క దగ్గరే మనవాళ్లు రెండు దారులు పట్టారు. సూర్య సిద్ధాంతం ప్రకారం విషువత్తు ఏటా 54 వికలల చొప్పున జరుగుతుంది. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. ఈ అంకె నిజానికి చాలా దగ్గర. అసలు విలువ 50 వికలలకు కొంచెం పైన. అయితే ఆ జరుగుడు అలా సాగిపోదని, 27 డిగ్రీల దాకా వెళ్లి ఆగి మళ్లీ వెనక్కి వస్తుందని, అటూ ఇటూ ఊగుతూ ఉంటుందని గ్రంథం చెప్పింది. ఇదొక దారి. 932 ప్రాంతంలో లఘుమానసం రాసిన మంజులుడిది రెండో దారి. ఊగడం లేదు, రాశిచక్రమంతా చుట్టి వస్తుందని ఆయన మతం. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు మంజులుడి పేరు చెప్పి మరీ ఆ లెక్కను ఉటంకించాడు.

తెలుగునేల మీద ఈ రెండు గ్రంథాలూ చదివారు, చర్చించారు. పన్నెండో శతాబ్దంలో మల్లికార్జున సూరి సూర్య సిద్ధాంతానికి సంస్కృతంలోనే కాక తెలుగులోనూ వ్యాఖ్య రాశాడు. పదిహేనో శతాబ్దంలో శ్రీశైలానికి ఆగ్నేయాన స్కందసోమేశ్వరంలో ఉన్న యల్లయ ఇటు సూర్య సిద్ధాంతానికీ అటు లఘుమానసానికీ వ్యాఖ్యలు కట్టాడు. ఊగే విషువత్తు ఒక పొత్తంలో, చుట్టే విషువత్తు మరో పొత్తంలో ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట. ఏది నిజమో తేల్చాలంటే ఇంకా కొన్ని వందల ఏళ్లు ఆకాశం జరగాలి. ఆ ఓపిక ఒక మనిషికి సరిపోయేది కాదు.

ఇదే కాలంలో పడమటి దేశాలు మరో రకం చిక్కులో పడ్డాయి. 1079లో ఇస్ఫహాన్‌లో ఒమర్ ఖయ్యామ్ ఉన్న పండితబృందం నౌరోజ్‌ను విషువత్తుకు బిగించి కొత్త పంచాంగం చేసింది. రోమన్ పంచాంగం మాత్రం ఏడాదికి పదకొండు నిమిషాలు ఎక్కువ లెక్కపెడుతూ పోయి, పదహారో శతాబ్దం నాటికి విషువత్తును మార్చి 11కు తెచ్చిపెట్టింది. 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 తర్వాత ఏకంగా 15 అని ప్రకటించి పది రోజులు తీసేశాక గానీ అది మళ్లీ మార్చి 21 దరికి రాలేదు. మన గోడ మీది ఇంగ్లీషు క్యాలెండరులో విషువత్తు ఏటా ఒకే తేదీ దగ్గర నిలుస్తోందంటే ఆ దిద్దుబాటు పుణ్యమే.

విషువత్తు ఎందుకు కదులుతుందన్న ప్రశ్నకు 1687లో న్యూటన్ జవాబిచ్చాడు. భూమి సరైన గుండ్రం కాదు, నడుము దగ్గర కాస్త ఉబ్బు. సూర్యచంద్రులు ఆ ఉబ్బును పట్టి లాగుతుంటారు. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ లాగుడుకు ఒరిగిపోదు. తిరిగే బొంగరం పక్కకు వాలి తల చుట్టూ తిప్పినట్టు భూమి అక్షం ఆకాశంలో మెల్లగా ఒక వలయం గీస్తుంది. వలయం పూర్తికావడానికి 25,800 ఏళ్లు. మంజులుడి దారే ఒప్పని అక్కడ తేలింది. విషువత్తు ఊగదు, చుట్టి వస్తుంది.

ఇక్కడ జేమ్స్ బ్రాడ్లీ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. నక్షత్రాల దూరం కొలవాలని బయలుదేరిన ఈ ఇంగ్లీషు పాదిరీకి ఆ దూరం ఎన్నడూ దొరకలేదు. దాని బదులు చుక్కలు ఏడాదిలో తమ చోటు నుంచి కాస్త అటూ ఇటూ తొలగుతూ కనిపించాయి. కారణం ఎంతకీ అంతుపట్టలేదు. థేమ్స్ నది మీద పడవలో వెళుతూ, పడవ మళ్లినప్పుడల్లా కొయ్య మీది గాలిజెండా దిక్కు మారడం చూసి కారణం స్ఫురించిందని చెబుతారు. కదిలే భూమి మీద నిలబడి చూస్తున్నాం గనక వెలుగు వచ్చే దిక్కే కాస్త మారినట్టు కనిపిస్తుంది. 1728లో ఆ సంగతి ప్రకటించాడు. అయినా అతని కొలతల్లో ఇంకా కొన్ని వికలల తేడా మిగిలిపోయింది. చంద్రుడి కక్ష్య పద్దెనిమిదిన్నర ఏళ్లకొకసారి ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ప్రభావంతో భూమి అక్షం సన్నగా తల ఊపుతోందేమోనని అనుమానించాడు. అనుమానాన్ని అచ్చువేయలేదు. 1727 నుంచి 1747 దాకా, చంద్రుడి ఆ చుట్టు పూర్తయ్యేదాకా, అవే చుక్కలను చూస్తూ కూర్చున్నాడు. 1748లో గానీ లోకానికి చెప్పలేదు. రెండు దశాబ్దాల రాత్రులు ఒక్క అనుమానం కోసం!

ఈ కొత్త లెక్కలు మన పంచాంగాల దాకా రావడానికి మరో నూరేళ్లు పట్టింది. తెలుగు జిల్లాలకూ రాజధాని అయిన మద్రాసులో చింతామణి రఘునాథాచారి వేధశాల ఉద్యోగి. ఆయన ఆకాశంలో కనపడేదానికి సరిపోయేలా గణించిన దృగ్గణిత పంచాంగం వేశారు. పాత సూత్రవాక్యాలతో గణించే పండితులకు అది రుచించలేదు. వాదాలు చాలాకాలం సాగాయి.

ఇక హైదరాబాదు. 1901లో పాయిగా వంశపు నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టుకున్నారు. ఆరవ నిజాం పేరు మీద అది నిజామియా అయింది. తన తర్వాత దాన్ని ప్రభుత్వం నడపాలని ఆయన కోరిక. 1907లో నవాబు కన్నుమూశారు. 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను చేపట్టి, ఆర్థర్ చాట్‌వుడ్‌ను డైరెక్టరుగా నియమించి, ఊరికి దూరమని బేగంపేటకు తరలించింది. ఇవాళ బేగంపేటను చూసినవారికి అది ఒకప్పుడు చీకటి కోసం వెతుక్కుంటూ వెళ్లిన చోటని నమ్మడం కష్టం.

ఈ వేధశాల చేతికి ఒక మహాకార్యం వచ్చిపడింది, అదీ అనుకోకుండా. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని నిశ్చయించి, ఆకాశాన్ని అడ్డపట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకు పంచారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ చిలీ దేశపు శాంటియాగోకు వెళ్లింది. అక్కడ పని సాగలేదు. జఫర్ జంగ్ కొనిపెట్టి పోయిన సామగ్రిలో 8 అంగుళాల ఫొటో దుర్భిణి ఒకటి ఉంది. చిలీ వదిలేసిన పట్టీని హైదరాబాదు తలకెత్తుకుంది.

1914లో డైరెక్టరుగా వచ్చిన రాబర్ట్ పోకాక్ పనికి ఊపు తెచ్చి నాలుగేళ్లకే, 1918లో మరణించారు. ఆ తర్వాత టి. పి. భాస్కరన్ 1944 దాకా ఆ బాధ్యత మోశారు. ఆ పని ఎలాంటిదో కాస్త ఊహించుకోవాలి. ఒక్కో గాజు పలక మీద రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఆకాశం. పలక మీద ఐదు మిల్లీమీటర్ల గళ్లు ముద్రించి ఉంటాయి. రాత్రి తీసిన పలకను పగలు సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో చుక్క అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని కన్ను ఆనించి చదవాలి, పక్కన ఒకరు రాసుకోవాలి. చుక్క తర్వాత చుక్క, పలక తర్వాత పలక, ఏడాది తర్వాత ఏడాది. పట్టీలు అతుక్కోవాలి గనక ఒక పలక మీది చుక్క పక్క పలక మీద కూడా పడేలా తీసేవారు. మళ్లీ కొలవాలి. దక్షిణపు పట్టీ ముగిశాక జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయిన ఉత్తరపు వాటాలో 36 నుంచి 39 డిగ్రీల దాకా కూడా హైదరాబాదే అందుకుంది. మొత్తం పన్నెండు సంపుటాలు, ఎనిమిది లక్షలకు దగ్గరగా నక్షత్రాలు.

విషువత్తు కథలోకి ఈ సంపుటాలు వచ్చేది ఇక్కడే. ఆకాశంలో ఏ చుక్క చోటు చెప్పాలన్నా వసంత విషువత్తు నుంచే దూరం కొలుస్తారు. భూమి మీద రేఖాంశాలకు గ్రీనిచ్ ఎలాగో ఆకాశానికి అది అలాగ. అయితే గ్రీనిచ్ కదలదు, విషువత్తు కదులుతుంది. అందువల్ల ఏ సంవత్సరపు విషువత్తు నుంచి కొలిచారో చెప్పకపోతే పట్టిక ఎందుకూ పనికిరాదు. ఈ మహాపట్టికకు 1900 సంవత్సరపు విషువత్తును ప్రమాణంగా పెట్టుకున్నారు. 1915లో తీసిన పలకైనా, 1935లో తీసిన పలకైనా, తిమోకారిస్ నుంచి బ్రాడ్లీ దాకా తెలుసుకున్న ప్రతి కదలికనూ లెక్కలోంచి తీసి ఆ 1900 నాటి గుర్తుకు చేర్చాలి. రెండు వేల ఏళ్ల వెతుకులాట బేగంపేటలో రోజువారీ గుణకారమైంది.

1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. విశ్వవిద్యాలయానికే అప్పుడు సొంత గూడు లేదు. గన్‌ఫౌండ్రీ వైపు అద్దె ఇళ్లలో నడిచేది. తర్వాత అడిక్‌మెట్ భూములు ఎంచుకున్నారు. 1934లో ఆర్ట్స్ కాలేజీకి పునాది పడి, 1939లో ఆ గులాబి రాతి భవనం తెరుచుకుంది. అలా నక్షత్రాల పట్టిక అడిక్‌మెట్ విశ్వవిద్యాలయపు ఆస్తి అయింది. బేగంపేట వేధశాలలో పనిచేసిన ఒకాయన కొడుకు హైదరాబాదులో చదువుకుని, 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్కను కనుగొన్నాడు. ఆయనే వేణు బప్పు.

స్వాతంత్ర్యం వచ్చాక పాతిక రోజుల ఎడం మళ్లీ చర్చకు వచ్చింది. దేశంలో ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయి. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షుడిగా, ఎన్. సి. లాహిరి కార్యదర్శిగా సంస్కరణ సంఘం ఏర్పడింది. సాహా వాదన సూటిగా ఉంది. ఋతువులు విషువత్తును బట్టి నడుస్తాయి, నక్షత్రాలను బట్టి కాదు. విషువత్తు నుంచి విషువత్తుకు ఏడాది 365.2422 రోజులు. నక్షత్రం నుంచి నక్షత్రానికి 365.2564 రోజులు. ఏటా ఇరవై నిమిషాల తేడా. డెబ్బై, డెబ్బై ఒక్క ఏళ్లకు ఒక రోజు. మనవాళ్లు నక్షత్రమానం పట్టుకుని ఉండటంతో మేష సంక్రమణం ఎండల్లోకి జరిగిపోయింది. ఇలాగే వదిలేస్తే ఇంకో రెండు వేల ఏళ్లకు మరో నెల జరుగుతుంది.

1955లో నివేదిక వచ్చింది. ప్రభుత్వ పంచాంగం విషువత్తుకు కట్టుబడింది. 1957 మార్చి 22 శక సంవత్సరం 1879 చైత్రం 1 అయింది. ఏటా చైత్రం ఒకటో తేదీ విషువత్తు దాటిన ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. పండగల విషయంలో మాత్రం సంఘం సంప్రదాయాన్ని ఒక్కసారిగా కదిలించలేదు. నక్షత్రమానాన్నే ఉంచి, అందరూ ఒకే అయనాంశ, అంటే విషువత్తుకూ నక్షత్రమానపు మేషాదికీ మధ్య ఒకే ఎడం, వాడేలా చూడాలనుకుంది. ఏ నక్షత్రాన్ని ఆధారం చేసుకోవాలి? ఎంచుకున్నది చిత్తను! చిత్త రాశిచక్రంలో సరిగ్గా 180 డిగ్రీల దగ్గర ఉందనుకుని, 1956 మార్చి 21న అయనాంశ 23 డిగ్రీల 15 నిమిషాలని నిర్ణయించింది. ఇప్పుడది 24 దాటింది. ఆ లెక్కన వెనక్కి వెళితే మేషాదీ విషువత్తూ కలిసి ఉన్నది 285 ప్రాంతంలో. అప్పట్లో ఉగాది విషువత్తుకు ముందు నెల రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. ఇప్పుడు మార్చి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా వస్తోంది. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19.

ఉగాదిని విషువత్తుకు జరపాలని నేను అనను. చంద్రుడితో, చిత్తతో ముడిపడిన పండగ అది, ఆ ముడి అందమైనదే. కానీ విషువత్తు మన ఇళ్లలో ఊరూపేరూ లేకుండా వెళ్లిపోవడం మాత్రం నాకు బాధగానే ఉంటుంది. తార్నాక వైపు వేపచెట్లు ఉగాది తేదీ చూసి పూయవు, ఋతువును పట్టి పూస్తాయి. పగలు రాత్రిని దాటే ఆ రోజున బడిపిల్లల చేత శంకువు పాతించి తిన్నని నీడగీత గీయిస్తే, పచ్చడి రుచి తగ్గదు, ఇంకాస్త తెలుస్తుంది. వరాహమిహిరుడు చెప్పిన పరీక్షలాంటిదే అది. ఖర్చు ఒక పుల్ల, కాసిన్ని సుద్దముక్కలు.

సాహా సంఘం పని ముగిసిన కొద్ది కాలానికే ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ మొదలైంది. వేధశాల డైరెక్టరు అక్బర్ అలీ 48 అంగుళాల దుర్భిణికి పూనుకుని, అది రాకముందే 1960లో పోయారు. ఆ ఏడే వచ్చిన కె. డి. అభ్యంకర్ దాన్ని నిలబెట్టారు. బేగంపేటలో దీపాలు పెరిగిపోవడంతో ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో 1968లో కొత్త వేధశాల వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఆ గుట్టల మీదుగానే వెళ్లింది. నక్షత్రాల భౌతికశాస్త్రం అభ్యంకర్ వృత్తి. అయినా వేదకాలపు పంచాంగం మీద, ప్రాచీన శకాల మీద ఆయన ఏళ్ల తరబడి పరిశోధించి రాశారు. అయనాలు ఏ నక్షత్రంలో వచ్చాయని పాత గ్రంథాలు చెప్పిన మాటలే ఆయనకు కాలాన్ని కొలిచే సాధనాలు. ఆధునిక దుర్భిణి నడిపిన మనిషి ధనిష్ఠ దగ్గరికీ ఆశ్లేష దగ్గరికీ తిరిగి వెళ్లారు.

హైదరాబాదు పన్నెండు సంపుటాలు అల్మారాల్లోనే ఉండిపోయేవే. పలకలు కొలిచినవారు ఉండగా వాటి పూర్తి ఉపయోగం బయటపడలేదు. 1989లో ఐరోపా దేశాలు నక్షత్రాల చోట్లు కొలవడానికి ఒక ఉపగ్రహాన్ని పంపాయి. దానికి హిప్పార్కస్ పేరు గుర్తొచ్చేలా హిప్పార్కోస్ అని పెట్టారు. అది పంపిన కొలతలు అంతకు ముందెన్నడూ లేనంత సూక్ష్మమైనవి. కానీ అది పనిచేసింది కొద్ది ఏళ్లే. ఒక చుక్క ఆకాశంలో ఎటు ఎంత జరుగుతోందో కచ్చితంగా తెలియాలంటే చాలా కాలం కిందటి కొలత ఇంకొకటి పక్కన పెట్టాలి. అప్పుడు అమెరికా నౌకాదళపు వేధశాలవారు పాత మహాపట్టిక సంపుటాలను, హైదరాబాదువి కూడా, కంప్యూటర్లలోకి ఎక్కించి, ఉపగ్రహపు కొలతల ప్రమాణానికి తెచ్చి కొత్తగా లెక్కకట్టారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీలోని చుక్కల కదలికలకు తొలి కొలతలు ఇచ్చింది బేగంపేట గాజు పలకలే. తిమోకారిస్ అంకె పక్కన తన అంకెను పెట్టి హిప్పార్కస్ చేసిన పనే ఇది, ఈసారి లక్షల చుక్కలకు.

ఇంత సూక్ష్మంగా చూడగలిగే ఉపగ్రహం చిత్తను కూడా కొలిచింది. మన పంచాంగ సంఘం నిశ్చలమనుకుని ఆధారంగా పెట్టుకున్న ఆ నక్షత్రం ఏటా ఒక వికలలో ఇరవయ్యో వంతు చొప్పున పక్కకు జరుగుతూనే ఉంది.